కనబడలేదంటే లేదని కాదు: వాగుల్లో జీవులు, మన పిల్లల పరిశోధన చదువులు
(ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నాకు ఇచ్చిన అంశం ‘ఉన్నత విద్యలో అవకాశాలు’. దాని మీద మాట్లాడమంటే కోర్సుల పట్టిక చదివినట్టుంటుంది. ఆ పట్టిక మీ ఫోన్లలోనే ఉంది. అందుకని ఒక్క దారి గురించే చెబుతాను. వాగుల్లో, ఏళ్లలో, కాలువల్లో ఏ జీవి ఎక్కడ ఉంది, ఎక్కడ ఉండగలదు, నీరు మారితే ఏమవుతుంది అని లెక్క కట్టే పరిశోధన. దీన్ని స్ట్రీమ్ బయోడైవర్సిటీ మోడలింగ్ అంటారు. మన పిల్లల్లో ఈ పేరు విన్నవాళ్లు ఇద్దరు ముగ్గురుంటే గొప్ప. కానీ ఈ పనికి కావలసిన సగం చదువు మీలో చాలామందికి పదేళ్లు నిండకముందే వచ్చేసింది. అందుకే ఇది ఎంచుకున్నాను.

మన హాస్టళ్లలో రెండు వైపుల పిల్లలున్నారు. మారేడుమిల్లి, చింతూరు, రంపచోడవరం కొండల నుంచి వచ్చిన కొండరెడ్డి, కోయ పిల్లలు ఒక వైపు. అమలాపురం, రాజోలు, కొత్తపేట చుట్టుపక్కలే పుట్టిన యానాది, ఎరుకల పిల్లలు ఇంకో వైపు. కొండ పిల్లలకి వాగులో ఏ రాయి తిప్పితే ఏముంటుందో తెలుసు. ఇక్కడి పిల్లలకి ఏ తూము దగ్గర కొర్రమీను ఆగుతుందో, ఏ బోదెలో పరిగెలు దొరుకుతాయో, చెరువుల నీళ్లు వదిలిన మర్నాడు మురుగు కాలువలో ఏం తేలుతుందో తెలుసు. ఈ తెలివికి పరీక్షల్లో మార్కుల్లేవు. ఇంటి దగ్గర కూడా దీన్ని తెలివి అనరు, తిరుగుడు అంటారు.

ఇంతకాలం ఈ తెలివి ఎలా వాడుకున్నారో కూడా మీకు తెలుసు. కొండల్లోకి పరిశోధకులు వస్తారు. దారి చూపేది మనవాడే, వల వేసేది మనవాడే, ‘దీన్ని మీ భాషలో ఏమంటారు’ అంటే చెప్పేదీ మనవాడే. రోజు కూలి ముడుతుంది. తర్వాత వచ్చిన థీసిస్‌లో ఊరి పేరు ఉంటే ఉంటుంది, మనవాడి పేరు ఉండదు. వచ్చినవాళ్లలో మంచివాళ్లే ఎక్కువ, నాకు వాళ్ల మీద కోపం లేదు. కాని ఎన్నాళ్లని దారి చూపిస్తాం? ఆ థీసిస్ మనవాడు ఎందుకు రాయకూడదు?

ఇక అసలు విషయం. మోడల్ అంటే బొమ్మ కాదు. చూసిన చోట్ల నుంచి చూడని చోట్లను అంచనా వేసే లెక్క. మారేడుమిల్లి అడవిలో ప్రతి వాగులో ప్రతి మలుపూ ఎవరూ చూడలేరు. ఓ అరవై చోట్లు చూస్తారు. ప్రతి చోటా నీటి వేగం, లోతు, అడుగున గులకరాళ్లా బురదా, మీద చెట్టు నీడ ఎంత, పైన అడవి ఉందా పోడు ఉందా, రోడ్డు ఎంత దూరం అని రాసుకుంటారు. ఏ జీవులు కనిపించాయో రాసుకుంటారు. ఆ రెండింటికీ ఉన్న సంబంధాన్ని లెక్క కట్టి, ఉపగ్రహ పటం మీద మిగతా వాగులన్నిటికీ పరుస్తారు. ఆ పటాలు కూడా ఎక్కడో లేవు. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ‘భువన్’ పేరుతో అందరికీ అందుబాటులో పెట్టింది.

ఏ జీవులు అంటారా? చేపలు, కప్పలు, పీతలు, తూనీగలు. వీటికంటే ఎక్కువగా రాళ్ల కింద పురుగులు. ఇసుక రేణువులు, ఆకుముక్కలు ఒంటికి అంటించుకుని గొట్టంలా గూడు కట్టుకునే పురుగుని మీలో కొండ పిల్లలు చూసే ఉంటారు. అది కాడిస్‌ఫ్లై అనే ఈగ పిల్ల. మేఫ్లై, స్టోన్‌ఫ్లై అని ఇంకో రెండు జాతులున్నాయి. ఈ మూడూ ఎక్కువగా ఉన్న చోట నీరు శుభ్రంగా, గాలి బాగా కలిసి ఉన్నట్టు. అవి పోయి బురదలో ఎర్రటి సన్న పురుగులే మిగిలాయంటే నీరు చెడినట్టు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కూడా పురుగుల కుటుంబాలకు మార్కులు వేసి నీటి నాణ్యత చెప్పే పద్ధతిని మన నదులకు తగ్గట్టు తయారు చేసుకుంది. సీసాలో పట్టిన నీళ్లు ఆ రోజు సంగతే చెబుతాయి. పురుగు నెలల తరబడి ఆ నీటిలో బతికింది కాబట్టి గడిచిన నెలల సంగతీ చెబుతుంది.

ఇప్పుడు నేను మీకు తప్పకుండా చెప్పాలనుకున్న ముక్క. సర్వే చేయడానికి వచ్చినవాళ్లు ఒక వాగు దగ్గర ఒక పూట వెతికి, ఫలానా చేప కనబడలేదని రాసుకుంటారు. ఊరు తిరిగి వెళ్లేసరికి ఆ ‘కనబడలేదు’ కాస్తా ‘లేదు’ అయిపోతుంది. ఈ రెండింటికీ ఎంత దూరముందో లెక్క వేద్దాం. ఇంటర్ పిల్లలు కాగితం తీయండి.

ఒక చోట ఆ చేప నిజంగానే ఉంది. ఒకసారి వెళ్లి వెతికితే కనిపించే సంభావ్యత 0.4 అనుకోండి. అంటే కనబడకపోయే సంభావ్యత 0.6. రెండుసార్లు వెళ్లినా కనబడకపోవడం 0.6ను 0.6తో గుణిస్తే 0.36. మూడుసార్లయితే 0.216. అంటే మూడుసార్లు కష్టపడి వెళ్లి వెతికినా, ఉన్న చేపను లేదని రాసే అవకాశం ఇరవై శాతం పైనే. అలాంటి చోట్లు 20 ఉంటే నాలుగైదు చోట్ల తప్పుడు ‘లేదు’ పడుతుంది. ఒక్క పూట చూసి వెళ్లినవాళ్ల సంగతి మీరే వేసుకోండి. 20లో 12 చోట్ల తప్పే.

2002లో డారిల్ మెకెంజీ, జేమ్స్ నికల్స్, వాళ్ల సహచరులు ఈ చిక్కుకి ఒక పద్ధతి చెప్పారు. ఒకే చోటికి పలుమార్లు వెళ్లి, కనబడిన రోజులు, కనబడని రోజులు రెండూ రాస్తే, ఆ వరస నుంచే కంటికి దొరికే సంభావ్యత ఎంతో తేల్చవచ్చు. దాన్నిబట్టి నిజంగా ఎన్ని చోట్ల ఉందో సరిదిద్దవచ్చు. అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో ఓ ముప్పై దాకా చిత్తడి చోట్ల కప్ప జాతుల లెక్క మీద దీన్ని చేసి చూపారు. ఒక రకం గోదురు కప్ప ఒక్కసారైనా దొరికిన చోట్లు 34 శాతం. లెక్క సరిదిద్దాక 49 శాతం వచ్చింది. 34కీ 49కీ మధ్య ఉన్నవి వాళ్ల కళ్లకీ చెవులకీ అందని కప్పలు. ఆక్యుపెన్సీ మోడల్ అనే ఈ పద్ధతిని ఇవాళ పులుల నుంచి పురుగుల దాకా వాడుతున్నారు.

పిల్లలూ, ఇందులో మీకున్న బలం ఎక్కడో చూశారా? బయటి మనిషికి 0.4 అయితే, ఆ వాగులో పెరిగినవాడికి 0.7 ఉంటుంది. ఏ వేళకి, ఏ రాయి కింద, ఏ వానకి వస్తుందో వాడికి తెలుసు. మూడుసార్లు వెతికితే 0.3ను మూడుసార్లు గుణించాలి. 0.027. నూటికి మూడుసార్లు కూడా తప్పు పడదు. ఈ తేడాని అంకెలో చూపించవచ్చు. మన తెలివికి మార్కుల్లేవన్నాను కదా, ఇక్కడ ఉన్నాయి.

దీనికి తొందర ఎందుకంటే, నీళ్లు ఆగవు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. సముద్రం నుంచి గోదావరిలోకి ఎదురీదే పులసకు పై దారి మూసుకుపోయింది. ఆనకట్టలు చేపలకు అడ్డమని ఫ్రాన్సిస్ డే తన నివేదికలో రాసింది 1873లో, అంటే 20 ఏళ్లు దాటాక. మార్పు వచ్చాక లెక్క రాశారు. ఇప్పుడు పోలవరం పూర్తిస్థాయి నీటిమట్టం 45.72 మీటర్లు. దేవీపట్నం మండలంలో మన కొండరెడ్డి, కోయ ఊళ్లు ఖాళీ అయిన సంగతి ఈ సభలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఊళ్లతో పాటు, ఆ మట్టం కింద గోదావరిలో, శబరిలో కలిసే వాగుల చివరి భాగాలు పారే నీరు కాస్తా నిలవ నీరవుతాయి. పారే నీటిలోనే ఊపిరాడే జీవులు అక్కడ బతకవు. ఏవి పైకి జరుగుతాయి, ఏవి మిగలవు అని చెప్పాలంటే ముందు ఏవి ఉన్నాయో రాసి ఉండాలి. ప్రాజెక్టు మంచిదా చెడ్డదా అన్నది ఇవాళ్టి నా అంశం కాదు. ఉన్నది రాసి పెట్టుకునే హక్కు, పని మనవి అంటున్నాను. ప్రపంచం మొత్తానిదీ ఇదే గొడవ. 2025 జనవరిలో ‘నేచర్’ పత్రికలో వచ్చిన అధ్యయనం మంచినీటి చేపలు, తూనీగలు, పీతలు, రొయ్యల్లాంటి వాటిలో దాదాపు నాలుగో వంతు జాతులకు ముప్పుందని తేల్చింది.

కొండల మాటే చెబుతున్నానని కోనసీమ పిల్లలు అనుకోకండి. మీ ఇంటి ముందు పారేది ఆ కొండల నీరే. శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలిసి, పాపికొండలు దాటి, ధవళేశ్వరంలో ఆగి, బొబ్బర్లంక నుంచి మీ పంట కాలువలోకి వస్తుంది. పైగా మీ దగ్గర ఒక ప్రయోగం ఏటా జరుగుతోంది. వేసవిలో కాలువలు కట్టేస్తారు, జూన్‌లో వదులుతారు. కట్టేసిన ఆ రోజుల్లో మిగిలిన గుంటల్లో ఏవి బతుకుతాయి? వదిలాక ఏది ముందు తిరిగి వస్తుంది? గుర్రపుడెక్క కమ్మిన కాలువకీ, తీసేసిన కాలువకీ తేడా ఏమిటి? రొయ్యల చెరువుల నీళ్లు కలిసే చోటికి పైన, కింద పురుగులు ఎలా మారాయి? ఇవన్నీ పీహెచ్‌డీ ప్రశ్నలే. వీటికి ప్రయోగశాల కట్టనక్కర్లేదు. ఆ కాలువ గట్టు మీదే మీరు రోజూ సైకిల్ తొక్కుతున్నారు.

సరే, దారి. డిగ్రీలో జువాలజీ, బాటనీ, ఫిషరీస్, పర్యావరణ శాస్త్రం ఏదైనా పర్వాలేదు. గణితం, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్ చదివినవాళ్లకైతే ఈ రంగంలో ఇంకా గిరాకీ. డిగ్రీలో నాలుగో ఏడాది ఆనర్స్ చేసే వీలుంటే వదలకండి. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం వస్తే, ఎస్టీలకైతే 5 శాతం సడలింపుతో, పీజీ లేకుండానే పీహెచ్‌డీకి దరఖాస్తు చేసుకోవచ్చు. నా మాటగా అడిగితే మాత్రం పీజీ చేసే వెళ్లమంటాను. మన పిల్లలకి ఆ రెండేళ్లు ఇంగ్లీషు కుదురుకోవడానికి, నలుగురితో కలవడానికి పనికొస్తాయి.

పీజీ ఎక్కడ? విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, రాజమహేంద్రవరంలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం దగ్గరవి. విజయనగరంలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం 2019లో మొదలైంది. ఇంటర్ పిల్లలకి తిరుపతి ఐసర్ ఉంది, అక్కడ డిగ్రీ, పీజీ కలిపి ఐదేళ్లు. ప్రత్యేకంగా ఈ రంగానికే పేరున్నవి డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ, బెంగళూరులోని ఎన్‌సీబీఎస్. రెండు చోట్లా వన్యప్రాణి శాస్త్రంలో ఎమ్మెస్సీ ఉంది. ఎన్‌సీబీఎస్ వాళ్లు ప్రతి ఏడాదీ తీసుకోరు, ప్రకటన కనిపెట్టుకుని ఉండాలి. పీహెచ్‌డీకి బెంగళూరులో ఐఐఎస్సీ ఎకాలజీ కేంద్రం, ఏట్రీ ఉన్నాయి. హైదరాబాద్‌లో భారత జంతు సర్వేక్షణ సంస్థకు మంచినీటి జీవుల మీదే ఒక కేంద్రం ఉంది. కాకినాడలో జాతీయ జలవిజ్ఞాన సంస్థకు డెల్టా ప్రాంతీయ కేంద్రం ఉంది. బస్సెక్కితే వెళ్లి చూసి రావచ్చు. గేట్ పరీక్షలో ఎకాలజీ అండ్ ఎవల్యూషన్ అని ఒక పేపరే ఉందని మన కాలేజీల్లో ఎంతమంది లెక్చరర్లు చెప్పారో నాకు అనుమానమే.

డబ్బు. తల్లిదండ్రులు ఇందాకటి నుంచి దీనికోసమే చూస్తున్నారని నాకు తెలుసు. సీఎస్ఐఆర్, యూజీసీ నెట్‌లో జేఆర్ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు, ఇంటద్దె భత్యం వేరే. ఇది 2023 జనవరి నుంచి అమల్లో ఉన్న రేటు. జేఆర్ఎఫ్ రాకపోతే దారి మూసుకుపోదు. కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఎస్టీ విద్యార్థుల కోసం ఏటా 750 జాతీయ ఫెలోషిప్‌లు ఇస్తోంది. పీహెచ్‌డీలో చేరి ఉండాలి, పీజీ మార్కులు చూస్తారు. విదేశాలకైతే అదే శాఖ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఏటా 20 మందికి. అందులో 17 ఎస్టీలకు, 3 పీవీటీజీలకు. కొండరెడ్డి పిల్లలూ, మీరు పీవీటీజీ కిందకి వస్తారు. దేశం మొత్తం మీద ఆ మూడింటికి పోటీ పడేవాళ్లు ఎంతమంది ఉంటారో ఆలోచించండి. అమెరికాలో ఈ రంగంలో చాలామంది రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ మీద చదువుతారు. ప్రొఫెసర్ తన ప్రాజెక్టు కోసం విద్యార్థిని తీసుకుని, ఫీజు, జీవనభృతి అందులోంచే ఇస్తారు. చాలా చోట్ల జీఆర్ఈ అడగడం కూడా మానేశారు. అక్కడ ముందు ప్రొఫెసర్‌కి ఉత్తరం రాయాలి. అందులో ‘నేను తెలివైన విద్యార్థిని’ అని కాదు, ‘మా ఊరి వాగులో రెండేళ్లు ఇది చూశాను, ఇదిగో నా లెక్క’ అని ఉండాలి.

ఒక చిన్న మాట, వార్డెన్‌గా. టెన్త్ మెమోలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు, కుల ధ్రువీకరణ పత్రంలో మూడో పేరు. మన పిల్లల ఫెలోషిప్‌లు తెలివి లేక కాదు, దీనివల్ల పోతున్నాయి. ఈ సెలవుల్లోనే మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూసుకోండి. తండ్రి పేరులో అక్షరం తేడా ఉన్నా సరే.

కష్టాలు దాచను. పీహెచ్‌డీ ఐదేళ్లు. ఫెలోషిప్ డబ్బు నెలనెలా రాకపోవచ్చు, కొన్ని నెలలు ఆగి ఒక్కసారే పడొచ్చు. అంతలో తోటివాళ్లు బీఈడీ చేసి ఉద్యోగంలో చేరి బండి కొంటారు. ఇంట్లో అడుగుతారు, ‘ఇంకా చదువేనా’ అని. ఆడపిల్లలకి ఇంకో వరస. ‘అడవిలో రాత్రిళ్లు ఉండాలా, ఎవరితో, ఎన్నాళ్లు?’ ఇవి అడగవలసిన ప్రశ్నలే, అడగనివ్వండి. సర్వేకి ఒంటరిగా పంపరు, జట్టుగా వెళతారు. అలా పంపని గైడ్ దగ్గర చేరవద్దు. చేరే ముందు ఆయన దగ్గర చదివిన ఆడపిల్లలతో మాట్లాడండి. తల్లులకు ఒకటి చెప్పాలి. మన అమ్మమ్మలు, నాయనమ్మలు అడవి దుంపలకి, చేపలకి ఎవరిని అడిగి వెళ్లారు?

లెక్కలంటే భయమనేవాళ్లకి ఒక మనిషిని పరిచయం చేస్తాను. ఈ మోడల్స్ అన్నీ ఇవాళ ఎక్కువగా ‘ఆర్’ అనే కంప్యూటర్ భాషలో వేస్తారు. పైసా ఖర్చు లేదు, ఎవరైనా దించుకోవచ్చు. దాన్ని 1990ల్లో న్యూజిలాండ్‌లో తయారుచేసిన ఇద్దరిలో ఒకరు రాస్ ఇహాకా. ఆయన మావోరీ, అంటే ఆ దేశపు ఆదివాసీ సంతతి. రెండోవారు రాబర్ట్ జెంటిల్‌మన్. ఇద్దరి పేర్లలో మొదటి అక్షరమే ఆ భాష పేరు. ప్రపంచంలో వాగుల లెక్క వేసేవాళ్లంతా ఒక ఆదివాసీ బిడ్డ చేసిన పనిముట్టు పట్టుకుని తిరుగుతున్నారు. స్వయం, ఎన్‌పీటీఈఎల్ సైట్లలో ఆర్ పాఠాలు ఉచితం. పాత ల్యాప్‌టాప్ చాలు.

ఇప్పుడే ఏం చేయొచ్చు? డిగ్రీ పిల్లలు దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్‌కి దరఖాస్తు పెట్టండి. రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పనిచేయొచ్చు. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. మీ ఊరి రిజిస్టర్ అడిగి చూడండి. అందులో వాగు జీవుల పేజీ ఎంత ఉందో చూస్తే మీ పని ఎక్కడ మొదలవుతుందో తెలుస్తుంది. మీ అవ్వ చెప్పే పేర్లు కోయలోనో, ఎరుకల భాషలోనో ఫోన్లో రికార్డు చేసి పెట్టండి. అయితే మందు మొక్కలు, గుడి మడుగులు ఎక్కడున్నాయో ఆన్‌లైన్‌లో పెట్టకండి. అది మీ ఒక్కరి సమాచారం కాదు, ఊరిని అడగాలి.

మా హాస్టల్ పిల్లలతో వచ్చే వేసవిలో కాలువలు కట్టేముందు మూడు ఆదివారాలు, వదిలాక మూడు ఆదివారాలు, ఒకే పది చోట్ల చూద్దామనుకుంటున్నాం. తీసుకురావలసినవి ఒక జల్లెడ, తెల్లటి ప్లాస్టిక్ పళ్లెం, స్కేలు, పెన్సిలు. పెన్ను వద్దు, తడిస్తే సిరా కారుతుంది. కనబడనివి కూడా రాయాలి, తేదీ, వేళతో సహా. రావాలనుకునే కాలేజీ పిల్లలు సభ అయ్యాక నా దగ్గర పేరు రాయించుకోండి. ఈత వచ్చినా సరే, పెద్దవాళ్లు పక్కన లేకుండా ఎవరూ నీళ్లలో దిగకూడదు.